దిద్దినా అవే తప్పులు మళ్లీ వస్తుంటే

మూడో తరగతి నోటుబుక్కుల్లో ప్రతి తప్పూ ఎర్రసిరాతో దిద్దుతున్నా మార్పు లేదన్నారు. కారణం బహుశా అదే: సరైన రూపం మీరే రాసేస్తున్నారు, పిల్లలకు పనేమీ మిగలడం లేదు.

1. తప్పు కింద గీత గీయండి, అంతే. ఒత్తు తప్పితే మార్జిన్‌లో ‘ఒ’, దీర్ఘం తప్పితే ‘దీ’. ఈ గుర్తుల పట్టిక అట్ట లోపల అంటించండి.

2. పేజీకి మూడు తప్పులు గుర్తిస్తే చాలు.

3. చాలామంది వదిలేసేది ఇదే: పుస్తకాలు తిరిగిచ్చాక, కొత్త పాఠం మొదలుపెట్టకముందే ఐదు నిమిషాలివ్వండి. గీత గీసిన పదాన్ని పిల్లలే సరిచేసి, దానితో ఒక కొత్త వాక్యం రాయాలి. పదిసార్లు రాయిస్తే చెయ్యి కదులుతుంది గానీ బుర్ర కదలదు.

4. ఆ సవరణ చూసి టిక్కు పెట్టండి. మీరు చూడరని తెలిస్తే పిల్లలు సవరించడం మానేస్తారు.

తేదీ, శీర్షిక, మార్జిన్ లోపాలకు మార్కులు తీయకండి. అవి వేరే లెక్క.