కోన్ ఎగిరిపడుతోంది కానీ బేస్ రావట్లేదంటే: పైపు పొడవు చూడండి

బెంగళూరు మారతహళ్ళిలో మీరు చేయించిన 40 లీటర్ల స్పీకర్ పెట్టె, అందులో 8 అంగుళాల వూఫర్ (బేస్ స్పీకర్), గాలి ఆడటానికి ఒక పైపు (పోర్ట్). బేస్ బూస్ట్ పెడితే కోన్ (వూఫర్ ముందు కదిలే పొర) గిలగిలా కొట్టుకుంటోంది, శబ్దం మాత్రం లేదంటున్నారు. వూఫర్ మార్చకండి, తప్పు దానిది కాకపోవచ్చు.

మీరిచ్చిన కొలతలతో, అంటే లోపలి వ్యాసం 7.5 సెంటీమీటర్లు, పొడవు 10 సెంటీమీటర్లు ఉన్న పైపుతో లెక్కేస్తే ట్యూనింగ్, అంటే పెట్టె, పైపు కలిసి సహజంగా మోగే స్వరం, సుమారు 46 హెర్ట్జ్. అక్కడ పైపులోని గాలి గట్టిగా ఊగుతుంది, కోన్ దాదాపు కదలదు. దాని కిందికి వెళ్తే పైపు గాలి, కోన్ ముందరి గాలి ఎదురెదురై ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పెట్టెలోని గాలి స్ప్రింగులా ఆపడమూ ఉండదు, కోన్‌కి పగ్గం తెగినట్టే. పైపు లేని మూసిన పెట్టెలో శబ్దం ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ తగ్గితే, ఈ పైపు పెట్టెలో 24. మీ బూస్ట్ 30 హెర్ట్జ్ దగ్గరంటున్నారు కదా, అది బూడిదలో పోసిన పన్నీరే!

ముందు ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో 60 హెర్ట్జ్ నుంచి మెల్లగా దిగండి. కోన్ ఎక్కడ అతి తక్కువగా కదిలితే అదే అసలు ట్యూనింగ్. పైపుని 17 సెంటీమీటర్లు చేస్తే 38 దాకా దిగుతుంది. పైపు లోపలి కొసకీ వెనక చెక్కకీ మధ్య కనీసం ఒక వ్యాసమంత ఖాళీ ఉంచండి. బూస్ట్ తీసేసి, 35 హెర్ట్జ్ దగ్గర సబ్‌సోనిక్ ఫిల్టర్ (అంతకంటే కింది స్వరాలను ఆపేది) పెట్టండి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఆ ఫిల్టర్ బోర్డు అడిగి చూడండి, బేరం మాత్రం తప్పదు.