పై కప్‌బోర్డుల కింద ఎల్‌ఈడీ స్ట్రిప్ లైట్లు మనమే వేసుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. గుంటూరులో సొంత ఫ్లాట్, పాతది. వంటగదిలో ట్యూబ్‌లైటు వెనక గోడకి ఉంది, గట్టు దగ్గర నిలబడితే మీ నీడ మీ చేతుల మీదే పడుతోంది. చిమ్నీకి ఎడమ పక్క నాలుగడుగులు, కుడి పక్క మూడడుగుల పై కప్‌బోర్డులు. గట్టు నల్ల గ్రానైట్. ఎలక్ట్రీషియన్ రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు. సొంతంగా వేసుకోవచ్చా, స్టవ్ వేడికీ నూనె ఆవిరికీ అవి ఆగుతాయా అన్నది మీ ప్రశ్న.

నిక్షేపంగా వేసుకోవచ్చండి. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో నేనే వేసుకున్నాను. కరెంటు పనిలో నాకు ట్రైనింగ్ ఏమీ లేదు. ఒక్క నియమం మాత్రం పెట్టుకోండి: అడాప్టర్ నుంచి స్ట్రిప్ దాకా ఉండే 12 వోల్టుల వైపు అంతా మీది, గోడలోంచి వచ్చే 230 వోల్టుల వైపు మీ పని ప్లగ్గు గుచ్చి స్విచ్చు వేయడం వరకే.

అందుకే ముందుగా ఒక హెచ్చరిక. షాపుకి వెళ్ళగానే "ఇది తీసుకోండి మేడమ్, అడాప్టర్ కూడా అక్కర్లేదు, డైరెక్టుగా ప్లగ్గులో పెట్టేయడమే" అని ఒక లావుపాటి స్ట్రిప్ చుట్ట చూపిస్తారు. దసరాకి ఊరంతా వేలాడేది అదే. అది 230 వోల్టుల రకం. బాల్కనీకి, పందిరికి బాగానే ఉంటుంది. తడి చేతులు మసిలే చోట, మొహానికి జానెడు దూరంలో దాన్ని పెట్టుకోకూడదు. పైగా దాన్ని ఎక్కడ పడితే అక్కడ కత్తిరించడానికి వీల్లేదు, చాలా వాటికి మీటరుకో అరమీటరుకో ఒకచోటే గుర్తు ఉంటుంది. చౌకరకాలు సెకనుకి వంద సార్లు మినుకుతాయి కూడా. కంటికి తెలియకపోయినా కత్తి వేగంగా ఆడేటప్పుడు తెలుస్తుంది. షాపులో ఒకే మాట అడగండి: "12 వోల్టుల డీసీ స్ట్రిప్."

ఇక స్ట్రిప్ ఏ అంచున పెట్టాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. మన ఇళ్ళలో గట్టు వెడల్పు దాదాపు రెండడుగులు, పై కప్‌బోర్డు లోతు అడుగు. వీడియోల్లో చాలామంది గోడ వైపు, లోపలి మూలకి అంటిస్తారు. టైల్స్ తళతళలాడతాయి, ఫొటోలో అదిరిపోతుంది. ఉల్లిపాయ తరిగే చోటికి వచ్చేసరికి వెలుతురు పల్చబడిపోతుంది. కప్‌బోర్డు అడుగున తలుపుకి కాస్త వెనగ్గా, ముందంచునే పెట్టండి. వెలుగు సూటిగా కిందికి కాకుండా కొంచెం గోడ వైపు వాలాలి. అప్పుడు చేతుల మీదా పడుతుంది, గోడ మీదా పడుతుంది.

మీది నల్ల గ్రానైట్ కాబట్టి ఇంకో సంగతి. పాలిష్ పెట్టిన నల్ల రాయి అద్దంతో సమానం. స్ట్రిప్‌ని ఊరికే అంటిస్తే అందులోని ఒక్కో ఎల్‌ఈడీ చుక్కా రాయిలో విడివిడిగా కనిపిస్తుంది, చిరాకు పుడుతుంది. దీనికి మందు అల్యూమినియం ప్రొఫైల్. మూడు పలకల సన్నటి పట్టీ, లోపల స్ట్రిప్ పరుచుకుంటుంది, పైన పాలరంగు కవర్ బిగుస్తుంది. 45 డిగ్రీల కోణంలో వాలి ఉండే కార్నర్ ప్రొఫైల్ అని అడగండి. డబ్బు మిగుల్చుకోవాలంటే స్ట్రిప్ బ్రాండులో మిగుల్చుకోండి, ప్రొఫైల్ మాత్రం మానకండి. చుక్కలు కనపడకుండా చేయడమే కాదు, స్ట్రిప్ వేడిని లాగేసేదీ అదే. నూనె జిడ్డు పట్టినా ఆ కవర్‌ని తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఊరికే అంటించిన స్ట్రిప్ మీద జిడ్డు పేరుకుంటే తుడవడం నరకం.

ఏదీ బిగించక ముందు, రాత్రి పూట సెలోటేపుతో తాత్కాలికంగా అంటించి, లైటు వేసుకుని ఒక పూట వంట చేయండి. మా అత్తయ్యగారు గుమ్మం దగ్గర పీట వేసుకుని తోటకూర బాగుచేసుకుంటారు. నిలబడ్డ నాకు అసలు కనపడని స్ట్రిప్, కింద కూర్చున్న ఆవిడ కళ్ళలోకి సూటిగా కొట్టింది. "ఏమ్మా, ఇది వంటిల్లా, పెళ్ళి పందిరా?" అన్నారు. పట్టీని గోడ వైపు వాల్చాక ఆ గొడవ పోయింది. మీ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, హాల్లోంచి చూస్తే ఏం కనిపిస్తుందో ఆ పూటే తేలిపోతుంది.

రంగు సంగతి. 3000 కెల్విన్ పసుపు వెలుగు, 6500 ట్యూబ్‌లైటు తెలుపు, 4000 మధ్యరకం. వంటకి నా ఓటు 4000కే. పసుపు వెలుగులో పోపు ఎర్రబడిందో మాడిందో చప్పున తెలీదు, తెల్ల వెలుగు నల్లరాయి మీద ఆసుపత్రి కళ తెస్తుంది. సీఆర్ఐ అంటే వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. సీఆర్ఐ 90 అని రాసి ఉన్న స్ట్రిప్ దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి, ఆకుకూరలో పురుగు దాక్కోలేదు. రిమోటుతో రంగులు మార్చేవి మాత్రం వంటింటికి వద్దు. వాటిలో చాలా వరకు తెలుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన తెలుపే. ఆ వెలుగులో వంకాయ కూడా వంకాయ రంగులో ఉండదు.

ఇప్పుడు మీ లెక్క. నాలుగూ మూడూ ఏడడుగులు, అంటే సుమారు 2.1 మీటర్లు. 2835 రకం (అది ఎల్‌ఈడీ సైజు పేరు), మీటరుకి 120 ఎల్‌ఈడీలు ఉన్నది తీసుకుంటే సాధారణంగా మీటరుకి 9.6 వాట్లు. మొత్తం 20 వాట్లు. 12తో భాగిస్తే 1.7 ఆంపియర్లు. అడాప్టర్‌ని ఎప్పుడూ నిండా పిండకూడదు, కనీసం ఐదో వంతు వెసులుబాటు ఉంచాలి. 2 ఆంపియర్లది బొటాబొటీ. 12 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టర్ తీసుకోండి. స్ట్రిప్ చుట్ట ఐదు మీటర్లు వస్తుంది కాబట్టి సగానికి పైగా మిగులుతుంది, పూజగదికి పనికొస్తుంది.

అడాప్టర్ల దగ్గర రెండు రకాలు కనిపిస్తాయి. జల్లెడలాంటి రేకు పెట్టె ఒకటి, దాని స్క్రూలకి 230 వోల్టుల వైర్లు మనమే బిగించాలి. ఆ స్క్రూలు బయటికే ఉంటాయి, బల్లులు దూరడానికీ దారి ఉంటుంది. అది మనకొద్దు. ల్యాప్‌టాప్ చార్జర్‌లా మూసి ఉండే నల్ల పెట్టె, ఒక చివర ప్లగ్గు, రెండో చివర గుండ్రటి పిన్ను ఉన్నది తీసుకోండి. ఆ పిన్ను దూరే చిన్న జాక్ విడిగా అమ్ముతారు, దానికి రెండు స్క్రూలుంటాయి. మీ వైర్లు అక్కడ బిగిస్తే సరి, అది 12 వోల్టుల వైపు. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. లేనిది ఎంత చౌకైనా ముట్టుకోకండి.

దాన్ని పై కప్‌బోర్డుల నెత్తిన పెట్టండి, చుట్టూ కాస్త గాలి ఆడాలి. స్టవ్‌కి పైన వద్దు. పప్పు డబ్బాల వెనక కుక్కేయొద్దు. మే నెలలో మన దగ్గర వంటింట్లో ఆ ఎత్తున ఎంత ఉడుకుతుందో మీకు చెప్పక్కర్లేదు.

వైరుకి సెల్‌ఫోన్ చార్జర్ తీగంత సన్నటిది వాడితే చివరికొచ్చేసరికి వెలుగు తగ్గుతుంది. 0.75 స్క్వేర్ ఎంఎం ఎరుపు నలుపు జంట వైరు చాలు. ఎడమ ముక్కకొకటి, కుడి ముక్కకొకటి, రెండూ జాక్ దగ్గర కలవాలి. చిమ్నీ వెనగ్గా ఒకదాని నుంచి ఇంకోదానికి వైరు లాగకండి, కప్‌బోర్డుల పైనుంచే తీసుకెళ్ళండి. స్టవ్‌కి సరిగ్గా నెత్తిన స్ట్రిప్ అసలొద్దు. చిమ్నీకి దాని లైటు దానికి ఉంటుంది. కప్‌బోర్డు స్టవ్ వైపు అంచు నుంచి కూడా ఒక జానెడు వదిలి మొదలుపెడితే, మీరడిగిన వేడి, ఆవిరి సమస్య దాదాపు తీరినట్టే. గుంటూరు మిరపకాయలు వేగే ఘాటు ఎటూ ఆగదు, అది వేరే సంగతి. సింకు నెత్తిన వచ్చే ముక్క ఏదైనా ఉంటే దానికి మాత్రం ఐపీ65 రకం, అంటే పైన పారదర్శకంగా పూత ఉన్నది వేయండి. మిగతాచోట్ల ప్రొఫైల్ కవర్ ఉంది కాబట్టి మామూలుది చాలు.

కత్తిరించడం. 12 వోల్టుల స్ట్రిప్ మీద ప్రతి మూడు ఎల్‌ఈడీలకి ఒక గీత ఉంటుంది, 120 రకంలో అయితే రెండున్నర సెంటీమీటర్లకి ఒకటి. గీతకి రెండు పక్కలా రాగి మచ్చలు కనిపిస్తాయి. మామూలు కత్తెరతో సరిగ్గా గీత మీదే కోయాలి, అప్పుడు రెండు ముక్కలకీ రాగి సమానంగా మిగులుతుంది.

వైరు కలపడానికి క్లిప్పులాంటి కనెక్టర్లు దొరుకుతాయి, స్ట్రిప్ వెడల్పు 8 ఎంఎమ్మా 10 ఎంఎమ్మా చూసి కొనాలి. నా మటుకు నాకు వంటింట్లో వాటి మీద నమ్మకం లేదు. ఆవిరికి, వేడికి పట్టు వదులై లైటు మిణుకుమంటుంది. సోల్డరింగ్, అంటే వేడి ఐరన్‌తో సీసం కరిగించి అతకడం నేర్చుకోండి, బ్రహ్మవిద్యేం కాదు. 25 వాట్ల ఐరన్ చాలు. ముందు రాగి మచ్చ మీద చిన్న బొట్టు సీసం పెట్టాలి. వైరు చివర పోగులు మెలిపెట్టి దానికీ సీసం పట్టించాలి. తర్వాత వైరుని ఆ బొట్టు మీద ఆనించి పైనుంచి ఐరన్ తాకిస్తే, లెక్కపెట్టి ఒకటి, రెండు అనేలోపు రెండూ కరిగి ఒకటవుతాయి. నున్నగా మెరిస్తే అతుకు కుదిరినట్టు, మసకగా గరుగ్గా ఉంటే మళ్ళీ తాకించాలి. ఎక్కువసేపు అదిమి పెడితే మాత్రం రాగి మచ్చే ఊడివస్తుంది. ముందుగా మిగిలిపోయే ముక్క మీద సాధన చేయండి, ఎటూ మూడు మీటర్లు చేతిలో ఉంటుంది. ఎరుపు ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. తారుమారైతే ఒకే రంగు స్ట్రిప్ వెలగదు, అంతే. మార్చి కలపండి. వెలిగించి చూసేటప్పుడు చుట్ట విప్పి పరిచి చూడండి, చుట్టలాగే ఉంచి ఎక్కువసేపు వెలిగిస్తే వేడెక్కుతుంది.

స్ట్రిప్ వెనక బంక ఉంటుంది కదా, ప్రొఫైల్ కూడా బంకతోనే అంటిద్దామనుకోకండి. వాడుతున్న వంటిల్లంటే కప్‌బోర్డు అడుగున కంటికి కనపడని జిడ్డు పొర ఉండి తీరుతుంది. అడుగున సన్‌మైకా లేకుండా ఉత్త ప్లైవుడ్డే ఉందంటే బంక అస్సలు నిలవదు, ఎండాకాలంలో ఒక అర్ధరాత్రి దభీమని గట్టు మీద పడుతుంది. ప్రొఫైల్‌తో పాటు వచ్చే క్లిప్పుల్ని స్క్రూలతో బిగించండి. అడుగు చెక్క సాధారణంగా 18 ఎంఎం మందం, కాబట్టి అరంగుళం స్క్రూలే వాడాలి. పొడుగువి వాడితే లోపల గిన్నెలు పెట్టే చోట మొన తేలుతుంది. ప్రొఫైల్ లోపల స్ట్రిప్‌కి మాత్రం దాని బంకే చాలు, ముందు స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిచి ఆరనిచ్చి అంటించండి.

ప్రొఫైల్ మామూలుగా రెండు మీటర్ల బారు వస్తుంది. నేను వన్‌టౌన్‌లో కొన్నాను. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర రద్దీలో ఆ బారు పట్టుకుని స్కూటీ మీద రావడం అసాధ్యం. అందుకే కొలతలు రాసుకుని వెళ్ళి షాపులోనే కోయించాను. మీరు ఇందుకోసం విజయవాడ రానక్కర్లేదు, ఇవన్నీ గుంటూరులోనూ దొరుకుతాయి. నాకు అన్నీ కలిపి రెండు వేల పైచిలుకు అయింది, అందులో సగం ప్రొఫైల్‌కే.

కరెంటు బిల్లు టెన్షన్ వద్దు. 20 వాట్లు రోజుకి ఐదు గంటలు వెలిగితే నెలకి మూడు యూనిట్లు.

చేయి ఊపితే వెలిగే సెన్సర్లు కూడా ఉన్నాయి. పిండి చేతులతో ఉన్నప్పుడు బాగుంటాయనిపిస్తుంది గానీ, మిక్సీ జార్ తీసినా ఆరిపోతుంటే విసుగొస్తుంది. మామూలు స్విచ్చే మేలు.

ఇక ఆ ఎలక్ట్రీషియన్ సంగతి. చిమ్నీ పాయింటు దగ్గర ఇంకో సాకెట్ ఖాళీగా ఉంటే ఆయన అవసరమే లేదు. లేకపోతే పనంతా అప్పగించకుండా ఒక్కటే చెప్పండి: కప్‌బోర్డుల పైన 6 ఆంపియర్ల సాకెట్ ఒకటి, దాని స్విచ్చు మాత్రం కింద గట్టు దగ్గరున్న బోర్డులో. గంట పని కాబట్టి వేరే పని మీద మీ అపార్ట్‌మెంటుకి వచ్చినప్పుడు చేసేస్తాడు. అదే ఊపులో మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉందో లేదో, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూడమనండి. పాత ఫ్లాట్ అన్నారు కాబట్టి స్ట్రిప్ లైట్లు వేసినా వేయకపోయినా ఆ రెండూ చూపించుకోవాల్సినవే.