నష్టం వచ్చిన తరువాత మొదట చేయవలసిన పని

చిరంజీవికి, గుంటూరు నుండి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, అయినకాడికి అమ్ముకోవలసి వచ్చిందని, నాటి నుండి నీవు బెజవాడలో ఇల్లు కదలడం లేదని మీ నాన్న చెప్పాడు. ఎంత పోయిందో నేను అడగలేదు. సొమ్ము పోగొట్టుకున్న వ్యాపారులు మళ్లీ నిలదొక్కుకోవడం ఈ గుంటూరు మిర్చి యార్డులో చాలాసార్లు చూశాను గనుక, నా బెంగ అంతా నీవు ఇలా ఎన్నాళ్లు ఉండిపోతావోననే.

ధైర్యం వచ్చాక పనిలోకి దిగుదామని నీవు ఎదురుచూస్తున్నట్లుంది. ఇంట్లో కూర్చుంటే ధైర్యం రాదు; జరిగిన సంగతే మళ్లీ మళ్లీ తలలో తిరిగి, ఉన్న కాస్త ఓపికను కూడా తినేస్తుంది.

ముందుగా ఒక కాగితం మీద మార్కెట్ చేసినది ఒకవైపు, నీవు చేసినది ఒకవైపు వ్రాయి. ధర పడిపోవడం నీ చేతిలో లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమే, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చిందంటే, ఆ దెబ్బ ఎందరికి తగిలిందో నీవే ఆలోచించు. కానీ వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్న సరుకంతా ఒక్కటి కూడా అమ్మకుండా నిల్వ ఉంచడం నీ నిర్ణయమే. దానిని దాచకుండా వ్రాసుకో. రంగు పోయిన నాసిరకం తాలుకాయను ఏరకుండా కాటాకు పెడితే మంచికాయ కూడా తాలు ధరకే పోయినట్లు, ఈ రెండింటినీ కలిపి చూసుకున్నంతకాలం నీకు వ్యాపారమే చేతకాదని అనిపిస్తూ ఉంటుంది. విడదీసి చూస్తే దిద్దుకోవలసినది ఒకటో రెండో మిగులుతాయి, వాటిని దిద్దుకోవడం నీకు తెలుసు.

అప్పు ఇచ్చినవారి ఫోను ఎత్తకుండా ఉండవద్దు. వారు అడగకముందే నీవే వెళ్లి, ఎప్పటికి ఎంత కట్టగలవో చెప్పు. మనసు మీది బరువు ఇంత త్వరగా తగ్గించే పని మరొకటి నాకు తెలియదు. కోడలికి కూడా ఉన్నదున్నట్లు చెప్పు. రాత్రి వేళకు పడుకో, ఎందుకంటే నిద్ర చాలని మనిషికి చిన్న ఇబ్బంది కూడా పెద్దదిగా కనిపిస్తుంది. ఓదార్చడానికి వచ్చే బంధువులను మాత్రం కొద్దిరోజులు దూరంగా ఉంచినా తప్పులేదు.

ఇవన్నీ చేసినా రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి తిరిగి రాకపోతే, దానిని నీ బలహీనత అనుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్లు. మనసు బాగాలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బ్రతకడం ఎందుకన్న తలంపు ఒక్కసారి వచ్చినా రెండు వారాల దాకా ఆగవద్దు. ఆ క్షణమే వారికో నాకో ఫోను చేయి, వేళ చూడవద్దు.

సోమవారం మొదటి బస్సుకు బయలుదేరి, బేరాలు మొదలయ్యేలోగా యార్డుకు రా. ఆ రోజు ఏమీ కొనవద్దు, ధరలు చూసి వ్రాసుకుంటే చాలు. నేను మన కమిషన్ దుకాణం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
నీ పెదనాన్న