శేఖర్ కమ్ముల సినిమాల్లో ఎవరు ఎవరి ఊరికి పోతారు?

డైరెక్టర్ శేఖర్ కమ్ముల సినిమాల్లో ప్రేమ, సొంతూరు, నేనెవరు అనే ప్రశ్న అన్నీ కలిసిపోయి ఎందుకుంటాయి, కొత్తగా చూసేవాళ్ళు దేంతో మొదలుపెట్టాలి అని అడిగారు కదా. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్న.

నాకర్థమైంది ఏందంటే ఆయన దగ్గర ప్రేమకథ ఎప్పుడూ ఇంటి చుట్టే తిరుగుతది. ఎవరు ఎవరింటికి పోవాలె, పోయినోళ్ళు ఏం వదులుకోవాలె, ఇదే అసలు పంచాయితీ. వేరే సినిమాల్లో తాళి కట్టంగనే శుభం కార్డు పడ్తది, ఆ పిల్ల పెట్టె సర్దుకునేది ఎవ్వరూ చూపియ్యరు. ఈయన కథ మొదలుపెట్టేదే అక్కడ.

ఇది నాకెందుకు తగిలిందో చెప్పాలంటే నా సంగతి చెప్పాలె. మాది బోధన్ నుంచి బాన్సువాడ పోయే రూట్ల ఒక ఊరు. 2009లో కోర్సు చేద్దామని అమీర్‌పేట వచ్చిన, ఎస్సార్ నగర్‌లో లేడీస్ హాస్టల్, రూముకు నలుగురం. ఒక మాక్ ఇంటర్వ్యూలో సారు నన్ను మధ్యలో ఆపి "ఇంగ్లీష్ సంగతి తర్వాత, ముందు తెలుగు సరిగ్గా మాట్లాడమ్మా" అన్నడు, క్లాసంతా నవ్విన్రు. ఆ రోజు నుంచి నోట్లకొచ్చిన మాట మింగి వచ్చాను, వెళ్ళాను, తిన్నాను అనుడు నేర్చుకున్న. మా నాయిన ఫోన్ చేస్తే మాత్రం హాస్టల్ మేడ మీదికి పోయి వాటర్ ట్యాంక్ వెనక నిలబడి మాట్లాడేదాన్ని, రూంల ఎవరన్నా వింటరేమోనని. ఉద్యోగం వచ్చినంక కూడా ఆ అలవాటు పోలే, ఆఫీసుల ఫోన్ వస్తే మెట్ల దగ్గరికి పోయేదాన్ని.

2017 జులైలో నాయిన కండ్ల చెకప్‌కి హైదరాబాద్ వచ్చిండు. కమ్ముల సినిమా ఫిదా రిలీజై వారం కూడా కాలే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కి తీసుకపోయిన, ఆయన థియేటర్‌ల కూసోక ఎన్నేండ్లయిందో ఆయనకే యాది లేదు. బాన్సువాడ పేరు వినపడంగనే హాల్లో విజిల్స్, నాకు చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నయి. నాయిన మాత్రం హీరోయిన్‌ని చూస్తలేడు, ఆమె వెనక ఉన్న పొలం చూస్తున్నడు. నా దిక్కు వంగి "నాట్లేసి ఇరవై దినాలైతుండొచ్చు, నీళ్ళు మంచిగున్నయ్" అన్నడు. నిజాంసాగర్ కాలువ కింద బతికిన మనిషికి అది సినిమా లొకేషన్ ఎట్లయితది.

ఇంటర్వెల్‌లో సమోసా తినుకుంట "గా పిల్లది ఏ ఊరు బిడ్డా?" అనడిగిండు. సాయి పల్లవిది తమిళనాడు నాయినా, ఆ మాటలు కూడా తనే నేర్చుకుని తన గొంతుతోనే చెప్పింది అన్న. కొద్దిసేపు నమ్మలే. తర్వాత "యాడి పిల్లయితేంది, మన మాటకు సిగ్గుపడలే" అన్నడు. ఆయనకు నా వాటర్ ట్యాంక్ సంగతి అస్సలు తెల్వదు. నేను ఏం మాట్లాడలేకపోయిన, చేతిల సమోసా అట్లనే ఉండిపోయింది.

అంతకుముందు మన సినిమాల్లో తెలంగాణ మాట ఎక్కువగా రౌడీకో కమెడియన్‌కో ఇచ్చేటోళ్ళు. 2014లో రాష్ట్రం వచ్చినంక మూడేండ్లకి వచ్చిన ఫిదాలో హీరోయిన్ భానుమతి ఆ మాటలోనే ప్రేమిస్తది, ఆ మాటలోనే తిడ్తది, నాయిన మీద అలుగుతది. ఎక్కడా ఇది యాస, చూడండి అన్నట్టు గీత గీసి చూపియ్యరు. అదే కమ్ముల స్టైల్ అంటే. పెద్ద డైలాగు కొట్టడు, ఇంట్ల మనుషులు ఎట్ల మాట్లాడుకుంటరో అట్ల వదిలేస్తడు.

కథ కూడా చూడండి. అక్క పెళ్ళి చేసుకుని అమెరికా పోయింది, తను కూడా పోతే నాయిన ఒక్కడైపోతడు, భానుమతి భయమంతా అది. ఆఖరికి అమెరికాల ఉండే హీరో, డాక్టర్ వరుణ్ బాన్సువాడకి వస్తడు. మన దిక్కు దాన్ని ఇల్లరికం అంటరు, ఎగతాళిగానే అంటరు. ఆ మాటలున్న ఎగతాళిని ఆయన తీసేసిండు. (అమెరికా సీన్లు కొంచెం సాగినయి, వరుణ్ మనసు మారుడు కూడా ఇంకొంచెం చూపిస్తే బాగుండు.)

వెనక్కి పోతే 2004లో వచ్చిన ఆనంద్‌లో కూడా ఇదే ఉంటది. హీరోయిన్ రూపకి సొంతవాళ్ళెవరూ లేరు, యాక్సిడెంట్‌లో పోయిన్రు. కాబోయే అత్తగారితో మాట వచ్చినప్పుడు తన పక్కన నిలబడాల్సినోడు నిలబడలేదని పెళ్ళే ఆపేస్తది. అప్పుడు డబ్బున్న ఇంటి పిల్లగాడు ఆనంద్ ఆమె ఉండే కాలనీకే అద్దెకొస్తడు. వచ్చేది మళ్ళీ మగోడే, గమనించిన్రా? ఆ వాన, ఆ కాఫీ, ఆ చుట్టుపక్కల ఇండ్లు, అదంతా కమ్ముల పెరిగిన పద్మారావునగర్ గాలి. 2006లో వచ్చిన గోదావరిలో అయితే ఎవరిల్లూ లేదు, రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే పడవ, హీరో హీరోయిన్ ఇద్దరూ బయటి నుంచి వచ్చినోళ్ళే అక్కడ, అందుకే సమానంగా కొట్లాడుకుంటరు. ఇంకోటి, ఆనంద్‌లో రూప గొంతు సింగర్ సునీతది, ఎంత బాగుంటదో చెప్పలేను, కానీ పదమూడేండ్ల తర్వాత ఫిదాలో హీరోయిన్‌ది సొంత గొంతు, నాకు ఆ తేడా చాలా పెద్దది.

ఇప్పుడు నా కంప్లైంట్. మా ఆయనది వర్ని దగ్గర ఒక క్యాంపు. నిజాంసాగర్ నీళ్ళొచ్చినంక కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని ఉండిపోయినోళ్ళ ఊర్లని మా దగ్గర క్యాంపులంటరు. వాళ్ళ తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చిండు, మా ఆయన పుట్టింది పెరిగింది నిజామాబాద్ జిల్లాల, మాట మాత్రం ఇంట్ల మాట్లాడే కోస్తా మాటే. హైదరాబాద్‌లో "మీరు ఆంధ్రానా" అంటరు, కృష్ణా జిల్లా చుట్టాల పెళ్ళికి పోతే "తెలంగాణ వాళ్ళొచ్చారు" అంటరు. ఫిదా అంతా చూసి "బాగుంది, కానీ మా క్యాంపు ఎక్కడుంది ఇందులో?" అన్నడు. నా దగ్గర జవాబు లేకుండె. బాన్సువాడ చుట్టూ ఎన్ని క్యాంపులు, ఒక్కటన్నా ఉండాల్సింది.

2018లో మా పెళ్ళయినంక జేబీఎస్‌కి (సికింద్రాబాద్‌ల జూబ్లీ బస్ స్టేషన్) దగ్గరగా ఇల్లు కావాలని మారేడ్‌పల్లి అంతా తిరిగినం, నాయిన ఒక్కడే కదా, బస్సు దిగితే నడిచి రావాలని. టులెట్ బోర్డు ఉన్న ప్రతి ఇంట్ల వెజ్జా నాన్‌వెజ్జా అని మొదలుపెట్టి ఇంటిపేరు దాకా వస్తరు. మా ఇద్దరి ఇంటిపేర్లు విని ఒకాయన మళ్ళీ ఫోన్ చేస్తా అన్నడు, చెయ్యలే. ఆనంద్ కాలనీల ఎవ్వరూ ఇంటిపేరు అడగరు, అది నాకు ఇప్పటికీ ముల్లులెక్క గుచ్చుకుంటది.

2021లో వచ్చిన లవ్ స్టోరీలో కమ్ముల ఆ కులం ప్రశ్న అడిగిండు. రేవంత్‌ది దళిత కుటుంబం, మౌనికది పెద్ద కులం, ఇద్దరిదీ ఆర్మూర్ దిక్కు ఊరే, హైదరాబాద్‌లో కలిసి జుంబా సెంటర్ నడుపుకోగలరు గానీ ఊర్ల కలిసి నిలబడే జాగ లేదు. మౌనికకైతే సొంతింట్ల మనిషే చిన్నప్పటి నుంచి భయం. ఫిదాలో ఇల్లు వదిలిపోనన్న అదే సాయి పల్లవి ఇందులో ఇంటికి పోవాలంటే వణుకుతది. ఇల్లంటే అందరికీ భానుమతి ఇల్లు కాదని చూపించిండు. క్లైమాక్స్‌ని కొట్లాటతో తేల్చుడు మాత్రం నాకు నచ్చలే, అంత కష్టపడి అడిగిన ప్రశ్నని తొందరపడి ముగించినట్టయింది.

కాబట్టి ఫిదాతో మొదలుపెట్టండి, వారంలోపే లవ్ స్టోరీ చూడండి, ఆనంద్ వానకాలానికి ఉంచుకోండి. ఫిదా మాత్రం ఇంట్ల పెద్దోళ్ళని పక్కన కూసోబెట్టుకుని చూడండి. మా నాయిన నెలకోసారి బియ్యం సంచితోని జేబీఎస్‌లో దిగుతడు, నడిచొస్తా అన్నా వినకుండ మా ఆయన బండేసుకుని పోతడు. టీవీల ఫిదా వస్తే ఇద్దరూ కదలరు. పొలం రాంగనే నాయిన "గా మడి చూడు" అంటడు, మా ఆయన "మా క్యాంపు వైపు ఇంకా బాగుంటుంది మావయ్యా" అంటడు.