సందేహాలు – సమాధానాలు: పాస్కా ఆదివారమా, పాస్కా తర్వాతి ఆదివారమా?

సందేహం: ఈస్టర్ అయిన రెండు వారాలకు మా గుడిలో పఠనం చదవబోతూ “నేడు పాస్కా మూడవ ఆదివారం” అన్నాను. పూజ అయ్యాక ఒక పెద్దాయన “ఈస్టర్ తర్వాత రెండో ఆదివారం అనాలమ్మా, పండుగ అయిపోయిందిగా” అన్నారు. ఏది సరి? క్రీస్తు పునరుద్ధానం ఒక్కరోజు పండుగ కాదా?

సమాధానం: మీరన్నదే సరి, అమ్మా. ఆ పెద్దాయన కూడా ఊరికే అనలేదు. 1969లో కతోలిక ఆరాధన కేలండర్‌ను సవరించక ముందు లాటిన్‌లో ‘పోస్ట్ పాస్కా’ అనేవారు, అంటే పాస్కా (ఈస్టర్) తర్వాత. అప్పట్లో ఈస్టర్ మరుసటి ఆదివారం ఒకటోది. సవరణలో ‘పోస్ట్’ తీసేసి షష్ఠీ విభక్తి పెట్టారు: ‘పాస్కే’, అంటే పాస్కా యొక్క. ఇప్పుడు ఈస్టర్ ఆదివారమే ఒకటోది కాబట్టి లెక్క ఒకటి పెరిగింది. ఆయన రెండోది, మీ మూడోది ఒకే రోజు.

తెలుగులో దీనికి ‘యొక్క’ కూడా అక్కర్లేదు. శ్రావణం రెండో శుక్రవారం అంటాం, కార్తీకం మూడో సోమవారం అంటాం. ‘శ్రావణం తర్వాత రెండో శుక్రవారం’ అంటే భాద్రపదంలోకి వెళ్లిపోతాం! పాస్కా కూడా అలాంటి కాలమే. ఈస్టర్ నుంచి పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగ వరకు యాభై రోజులు. ఆ యాభై రోజులనూ కలిపి ఒకే ‘మహా ఆదివారం’గా జరుపుకోవాలని ఆ సవరణ నియమావళిలోనే ఉంది. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. ఆ లెక్కన జూన్ 8 దాకా పండుగే. మే నెలలో ఎవరైనా “ఈస్టర్ శుభాకాంక్షలు” అంటే ఆలస్యమైందని అనుకోకండి, సంతోషంగా బదులు చెప్పండి.

ఈసారి పీఠం పక్కన నిలిపిన పాస్కా కొవ్వొత్తిని దగ్గరికెళ్లి చూడండి. మైనం మీద శిలువ, దాని పైనా కిందా గ్రీకులో మొదటి, చివరి అక్షరాలైన ఆల్ఫా, ఓమెగ, శిలువ చుట్టూ ఆ ఏడాది నాలుగు అంకెలు ఉంటాయి. పెంతెకొస్తు దాకా పూజ జరిగినప్పుడల్లా దాన్ని వెలిగిస్తారు. ఈస్టర్‌కు ముందరి తపస్సు కాలమంతా వినపడని అల్లెలూయ మళ్లీ నోటికొస్తుంది. రోజుకు మూడుసార్లు చెప్పే త్రికాల జపం బదులు పరలోకపు రాణి మరియమ్మను ఆనందించమనే ప్రార్థన చెప్పుకుంటాం. అయిపోయిన పండుగకు ఇవన్నీ ఎందుకు చేస్తాం? ‘తర్వాత’ అన్న ఒక్క మాటతో వీటన్నిటినీ వెనక్కి నెట్టేసినట్టు అవుతుందని నా బాధ.

ఇంకొకటి. మీరు ‘పునరుద్ధానం’ అని రాశారు. చాలా కరపత్రాల్లో, ఫ్లెక్సీల్లో కూడా ఇలాగే కనిపిస్తోంది. ‘పునరుద్ధరణ’ మనసులో మెదిలి ఆ ‘ద్ధ’ వచ్చి చేరుతోంది. పాత గుడిని బాగుచేస్తే పునరుద్ధరణ. క్రీస్తు లేచాడు, అది ఉత్థానం. ‘స్థా’ ధాతువుకు ముందు ‘ఉత్’ చేరితే సకారం పోయి ‘త్థ’ నిలుస్తుంది. పునః + ఉత్థానం, పునరుత్థానం. వచ్చే ఏడాది బ్యానర్ అచ్చుకు ఇచ్చేముందు ఆ ఒక్క ఒత్తు చూసుకోండి.