1099 కాగితం మీద సంతకం పెడితే ఇక అంతేనా? జీతాలు, పనిగంటలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఆవిడ హెచ్‌4 ఈఏడీ (హెచ్‌-1బీ వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఎడిసన్‌లోని ఒక ట్యూషన్ సెంటర్‌లో లెక్కలు చెబుతోంది. వారానికి 24 గంటలు. ఏ రోజు రావాలి, ఏ పాఠం చెప్పాలి, అన్నీ సెంటర్ వాళ్లే నిర్ణయిస్తారు. ఏడాది చివర డబ్ల్యూ-2 (ఉద్యోగులకు ఇచ్చే జీతం పత్రం) బదులు 1099 (కాంట్రాక్టర్లకు ఇచ్చే ఆదాయ పత్రం) చేతిలో పెట్టారు. చేరేటప్పుడు 'ఇండిపెండెంట్ కాంట్రాక్టర్' అన్న కాగితం మీద సంతకం పెట్టింది. ఇప్పుడేమైనా అడగొచ్చా?
(న్యూజెర్సీ పాఠకుడు)

జవాబు: నిస్సందేహంగా అడగొచ్చు. ఆ సంతకానికి మీరు అనుకుంటున్నంత బలం లేదు. పని నిజంగా ఎలా జరుగుతోందో చూసి చట్టం తేలుస్తుంది.

న్యూజెర్సీలో దీనికి ఏబీసీ పరీక్ష వాడతారు. పనిచేసే మనిషిని ముందు ఉద్యోగిగానే లెక్కేస్తారు. కాదనాలంటే యజమాని మూడు సంగతులు రుజువు చేయాలి. మొదటిది, పని ఎలా చేయాలన్న దాని మీద తన అజమాయిషీ లేదని. రెండోది, ఆ పని తన వ్యాపారంలో మామూలుగా జరిగే పని కాదని, లేదా తన వ్యాపార స్థలాలన్నిటికీ బయట జరుగుతుందని. మూడోది, ఆ మనిషికి అదే రంగంలో సొంతంగా నిలదొక్కుకున్న వ్యాపారం ఉందని. ఒక్కటి తప్పినా ఆమె ఉద్యోగే. మీ విషయంలో మూడూ తప్పేలా ఉన్నాయి. టైమ్‌టేబుల్ వాళ్లది. ట్యూషన్ సెంటర్ అసలు పనే పాఠాలు చెప్పడం, అదీ వాళ్ల గదుల్లోనే. మీ ఆవిడకు బయట సొంత ట్యూషన్ వ్యాపారం ఉందని మీరు రాయలేదు కాబట్టి మూడోదీ నిలవదు. ఇదే పరీక్ష కాలిఫోర్నియాలో ఇంకా గట్టిది: 'స్థలానికి బయట' అన్న వెసులుబాటు అక్కడ లేదు. 2018 నాటి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు డైనమెక్స్ తీర్పు, 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏబీ5 చట్టం దానికి ఆధారం.

నష్టం ఎంతో కూడా చూసుకోండి. 1099 మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 15.3 శాతం మొత్తం ఆవిడ నెత్తినే పడుతుంది. డబ్ల్యూ-2 అయితే అందులో సగం, 7.65 శాతం, యజమాని కడతాడు. న్యూజెర్సీలో ఉద్యోగికి ప్రతి 30 గంటల పనికి ఒక గంట జీతంతో కూడిన సిక్ లీవ్ జమవుతుంది, ఏడాదికి 40 గంటల దాకా. వారానికి 24 గంటలు ఏడాదంతా పనిచేస్తే ఆ 40 గంటలూ వచ్చేస్తాయి. ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతికి ఆధారం కూడా ఈ ఉద్యోగి హోదాయే.

దారులు రెండున్నాయి. పన్ను సంగతికి ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఎస్‌ఎస్‌-8 ఫారం (ఉద్యోగా, కాంట్రాక్టరా తేల్చమని అడిగేది) పంపాలి. జవాబుకు కనీసం ఆరు నెలలు పడుతుంది, ఈలోగా సెంటర్ వాళ్లనూ వివరణ అడుగుతారు. కాబట్టి ఇది గుట్టుగా సాగే పని కాదని తెలిసే దిగండి. జవాబు రాకముందే రిటర్న్ వేయాల్సి వస్తే 8919 ఫారం జతచేసి, 'జీ' కోడ్ వేసి, ఆమె వంతు పన్ను మాత్రమే కట్టవచ్చు. జీతం, సిక్ లీవ్ సంగతికి రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదు చేయాలి. న్యూజెర్సీలో జీతం బకాయిలకు ఆరేళ్లు వెనక్కి వెళ్లే వీలుంది. ఫిర్యాదు చేసినందుకు పనిలోంచి తీసేయడం మరో నేరం.

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో ఒక గ్రాసరీ స్టోర్‌లో అసిస్టెంట్ మేనేజర్‌ని. జీతం ఏడాదికి 58,240 డాలర్లు. రోజుకు పది గంటలు, వారానికి ఐదు రోజులు. సగానికి పైగా సమయం బిల్లింగ్, సరుకు సర్దడంతోనే సరిపోతుంది. 'శాలరీ వాళ్లకు ఓవర్‌టైమ్ ఉండదు' అంటున్నారు.

జవాబు: ఆ మాట తప్పు. శాలరీ ఇచ్చినంత మాత్రాన ఓవర్‌టైమ్ పోదు. కాలిఫోర్నియాలో పోవాలంటే రెండూ కుదరాలి: జీతం రాష్ట్ర కనీస వేతనానికి రెండింతలు ఉండాలి, పని సమయంలో సగానికి మించి నిజమైన మేనేజర్ పనే అయి ఉండాలి. 2026లో గంటకు కనీసం 16.90 డాలర్లు కనుక ఆ జీతం గీత 70,304. మీరు దానికి చాలా కిందే ఉన్నారు. పని సంగతి చూడక్కర్లేకుండానే ఓవర్‌టైమ్ మీకు రావాలి.

లెక్క ఇలా వేయండి. 58,240ని 52తో భాగిస్తే వారానికి 1,120. కాలిఫోర్నియా చట్టం ఆ జీతాన్ని 40 గంటలకే లెక్కేస్తుంది, 50కి కాదు. అంటే గంటకు 28. ఇక్కడే చాలామంది యజమానులు 50తో భాగించి రేటు తగ్గించి చూపిస్తారు, ఒప్పుకోకండి. ఓవర్‌టైమ్ రేటు 28కి ఒకటిన్నర రెట్లు, 42. రోజుకు 8 గంటలు దాటిన ప్రతి గంటా ఓవర్‌టైమే కనుక మీకు వారానికి 10 గంటలు, 420 డాలర్లు. రోజులో 12 దాటితే రెట్టింపు. ఒక వారం రెండు రోజులు పదేసి, మరో రెండు రోజులు ఎనిమిదేసి గంటలు చేసి, మొత్తం 36 దగ్గరే ఆగినా నాలుగు గంటల ఓవర్‌టైమ్ వస్తుంది. మిగతా చాలా రాష్ట్రాల్లో వారానికి 40 దాటితేనే.

ఐదో గంట ముగిసేలోపు అరగంట భోజన విరామం ఇవ్వకపోతే ఆ రోజుకు అదనంగా ఒక గంట జీతం రావాలి. పది నిమిషాల విశ్రాంతి విరామాలు ఎగ్గొడితే ఇంకో గంట.

లేబర్ కమిషనర్ ఆఫీసులో డీఎల్‌ఎస్‌ఈ ఫారం 1 వేయండి. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. సాధారణంగా ముందు రాజీ సమావేశానికి పిలుస్తారు, కుదరకపోతే విచారణ. ఓవర్‌టైమ్‌కు గడువు మూడేళ్లు. ఆలస్యమైన కొద్దీ పాత వారాలు ఒక్కొక్కటే జారిపోతుంటాయి.

ప్రశ్న: డల్లాస్‌లో హెచ్‌-1బీ. ప్రాజెక్టు అయిపోయి రెండు నెలలుగా బెంచ్ మీద ఉన్నాను. కన్సల్టెన్సీ జీతం ఆపేసింది. 'స్వచ్ఛందంగా సెలవు తీసుకున్నా' అని మెయిల్ పెట్టమంటున్నారు.

జవాబు: ఆ మెయిల్ పెట్టకండి. ప్రాజెక్టు లేకపోవడం కంపెనీ సమస్య. ఎల్‌సీఏలో (హెచ్‌-1బీ కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు పెట్టే దరఖాస్తు) రాసిన జీతం బెంచ్ మీదా ఇవ్వాల్సిందే. మీ సొంత కారణాలతో మీరే సెలవు కోరితే తప్ప ఆపే హక్కు వాళ్లకు లేదు. ఆ మెయిల్ అడుగుతున్నది అందుకే. బదులుగా 'నేను పనికి సిద్ధంగా ఉన్నాను, జీతం రాలేదు' అని తేదీతో సహా మీరే రాసి పంపండి.

ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్‌-4 ఫారంతో 12 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో జీతం క్లెయిమ్ కూడా వేయవచ్చు, దానికి గడువు 180 రోజులే. పే స్టబ్‌లు లేకపోతే స్టేటస్‌కు ఇబ్బంది కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడటం వాయిదా వేయకండి. ఫిర్యాదు రుజువు చేతిలో ఉంటే వేరే కంపెనీకి మారేటప్పుడు అది మీకు పనికొస్తుంది.

ప్రశ్న: కంపెనీ ఆస్టిన్‌లో, నేను ఇంటి నుంచి పనిచేసేది సియాటిల్‌లో. ఏ రాష్ట్రం చట్టం?

జవాబు: మీరు కూర్చుని పనిచేసే చోటిదే, వాషింగ్టన్ చట్టం. తేడా చిన్నది కాదు: టెక్సస్‌లో కనీస వేతనం ఫెడరల్ 7.25, అది 2009 నుంచి కదలలేదు. వాషింగ్టన్‌లో 2026కు 17.13, సియాటిల్ నగరంలో ఇంకా ఎక్కువ.

ప్రశ్న: హ్యూస్టన్‌లో రెస్టారెంట్‌లో సర్వర్‌ని. గంటకు 2.13, పైన టిప్పులు. ఓనర్ టిప్పుల్లో వాటా తీసుకుంటాడు, ప్లేటు పగిలితే కోత.

జవాబు: 2.13 ఇవ్వడం టెక్సస్‌లో చట్టబద్ధమే, టిప్పులతో కలిపి గంటకు 7.25 చేరితేనే. చేరని వారం మిగతాది ఓనర్ వేయాలి. టిప్పుల్లో ఓనర్‌కు, మేనేజర్‌కు వాటా లేదు. ఫెడరల్ చట్టంలో 2018లో చేసిన సవరణ దీన్ని సూటిగా నిషేధించింది. ప్లేట్ల కోతా చెల్లదు, ఎందుకంటే 2.13 లెక్కలో మీ వేతనం ముందే కనీసం దగ్గర ఉంది, కోస్తే దాని కిందికి పోతుంది.

ప్రశ్న: గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ మీద పనిచేశాను. పే స్టబ్ లేదు, గంటల లెక్క ఓనర్ దగ్గరా లేదు. ఇంక చేసేదేముంది?

జవాబు: లెక్క రాయాల్సిన బాధ్యత ఓనర్‌ది. అతను రాయకపోతే, ఉద్యోగి సబబైన అంచనాతో చూపిన గంటలు సరిపోతాయనీ, కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానేననీ 1946లో మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. షిఫ్టు గురించిన వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ, క్యాష్ బ్యాంకులో వేసిన తేదీలు, పక్క షిఫ్టు మనిషి మాట, అన్నీ పనికొస్తాయి. గుర్తున్నంతవరకు వారం వారం ఒక కాగితం మీద ఇప్పుడే రాసుకోండి, 'సుమారు' అని రాసినా పర్వాలేదు. చేసిన పనికి జీతం అడిగే హక్కు మీ వీసా స్థితి మీద ఆధారపడి ఉండదు. కానీ పని చేసే అనుమతి లేని స్టూడెంట్ వీసాలో ఉండి చేసి ఉంటే, క్లెయిమ్ వేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి కలవండి.