గ్వాటెమాలా యాత్రకు అప్పెందుకు సార్?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. వయసు 61, మా ఆవిడకు 57. హన్మకొండలో సొంత ఇల్లు. పెన్షన్ నెలకు 56 వేలు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో 30 లక్షలు, ఎఫ్‌డీల్లో 8 లక్షలు ఉన్నాయి. ఒక 2 లక్షల ఎఫ్‌డీ అక్టోబరులో మెచ్యూర్ అవుతుంది. ఇంటి ఖర్చు మందులతో కలిపి 50 వేలు. నవంబరులో హ్యూస్టన్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, టికెట్లు తనే తీసింది. అక్కడి నుంచి మధ్య అమెరికాలోని గ్వాటెమాలా వెళ్లి ప్రాచీన మాయా నాగరికత నాటి నగరాలు చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ఒక ట్రావెల్ ఏజెన్సీ గ్వాటెమాలా, బెలీజ్, మెక్సికో కలిపి ఈస్టర్ వారంలో తొమ్మిది రోజులకు ఇద్దరికీ ఏడున్నర లక్షలు చెప్పింది. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ కూడా ఇప్పిస్తారట. అమ్మాయేమో ఖర్చంతా తనదే అంటోంది. ఈ వయసులో ఇది సబబేనా?

జవాబు: సబబే సార్. తప్పకుండా వెళ్లండి. మీ చేతిలో ఉన్నదాన్ని బట్టి చూస్తే ఈ యాత్ర మీ తాహతుకు మించిందేమీ కాదు. కానీ ఆ ప్యాకేజీ వద్దు, ఆ లోన్ అసలే వద్దు.

ముందు లోన్ సంగతి. ఏడున్నర లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్లంటే నెలకు దాదాపు 25,600 కట్టాలి. మొత్తం మీద వడ్డీయే 1.73 లక్షల దాకా అవుతుంది. ఇప్పుడు మీ మిగులు చూడండి. పెన్షన్ 56 వేలు, దానికి స్కీంలో మూడు నెలలకోసారి వచ్చే 61,500 వడ్డీని నెలకు పంచితే 20,500. ఇందులోంచి ఖర్చు తీసేస్తే 26,500 మిగులుతుంది. అంటే తొమ్మిది రోజుల యాత్ర కోసం మూడేళ్ల పాటు మీ మిగులంతా ఈఎంఐకే పోతుంది. ఆ మధ్యలో ఇంటికి రిపేరొచ్చినా, ఆస్పత్రి ఖర్చొచ్చినా మళ్లీ ఎఫ్‌డీ విరగ్గొట్టాల్సిందే. 8.2 శాతం వడ్డీ తెచ్చుకుంటూ 14 శాతానికి అప్పు చేయడం ఏ లెక్కన చూసినా నష్టమే.

మూడు దేశాలు తొమ్మిది రోజుల్లో అన్నది నాకు ఇంకా నచ్చలేదు. సరిహద్దులు, ఎయిర్‌పోర్టులు, బస్సులతోనే సగం రోజులు గడిచిపోతాయి. మీరు చరిత్ర చెప్పిన మనిషి. మాయా నగరం టికాల్ శిథిలాల్లో రెండు గంటలు తిప్పి బస్సెక్కించేస్తే మీ మనసు ఒప్పుకోదు. ఒక్క గ్వాటెమాలాకే పది రోజులు ఇవ్వండి.

హ్యూస్టన్ నుంచి గ్వాటెమాలా సిటీకి నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం మూడు గంటల చిల్లర. అమెరికాకు వెళ్లే ఖర్చు ఎలాగూ వేరుగా అయిపోయింది కాబట్టి మీకు ఈ యాత్ర చవగ్గా పడుతుంది. ఇద్దరికీ నేను వేసిన అంచనా ఇది. రానుపోను విమానానికి 900 డాలర్లు, గ్వాటెమాలా సిటీ నుంచి టికాల్‌కు దగ్గరి పట్టణం ఫ్లోరెస్‌కు దేశీయ విమానానికి 350, తొమ్మిది రాత్రుల బసకు 630, షటిల్ వ్యాన్లకూ పడవలకూ 200, ప్రవేశ రుసుములకూ గైడ్లకూ 250, భోజనాలకు 500. మొత్తం 2,830. దీనిమీద అనుకోని ఖర్చులకు ఇంకో 15 శాతం కలిపితే సుమారు 3,250 డాలర్లు. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే మూడు లక్షల లోపే. ఏజెన్సీ చెప్పిన దాంట్లో సగం కూడా కాదు. లోన్ మీద కట్టే వడ్డీతోనే ఈ యాత్రలో సగానికి పైగా అయిపోయేది.

ఈ మూడు లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? జూన్ నుంచి డిసెంబరు దాకా నెలకు 15 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 1.05 లక్షలవుతుంది. అక్టోబరులో మెచ్యూరయ్యే 2 లక్షలను రెన్యువల్ చేయకుండా సేవింగ్స్‌లో ఉంచండి. ఆ ఎఫ్‌డీకి ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే ఇప్పుడే తీసేయించండి, చాలామంది ఇక్కడే మరిచిపోతారు. సీనియర్ సిటిజన్ స్కీం జోలికి మాత్రం పోవద్దు. ముందే మూసేస్తే పెనాల్టీ పడుతుంది, పైగా నెలనెలా మీ మిగులులో ఎక్కువ భాగం ఆ వడ్డీ నుంచే వస్తోంది.

అమ్మాయి ఇస్తానన్న డబ్బు గురించి మొహమాటం అక్కర్లేదు, అలాగని అంతా తన మీదే వేయనూ వద్దు. విమానం టికెట్లు, హోటళ్లు తన అమెరికా కార్డుతో బుక్ చేయమనండి. ఆ మేరకు రూపాయలు తన ఎన్ఆర్ఓ ఖాతాలో (ప్రవాసులకు ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయల ఖాతా) వేయండి. తల్లిదండ్రులు బిడ్డకిచ్చే డబ్బు మీద తనకు ఇక్కడ పన్ను ఉండదు, మీకు ఇలా పంపడానికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంటుంది కాబట్టి ఇబ్బందే లేదు. ఇక్కడి ఏజెన్సీ దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు అది తిరిగి వస్తుంది గానీ, అన్నాళ్లు మీ డబ్బు ఇరుక్కుపోతుంది. నేను చెప్పిన పద్ధతిలో ఆ తలనొప్పి లేదు.

సీజన్ దగ్గర కూడా బోలెడంత మిగులుతుంది. ఈస్టర్ వారంలో గ్వాటెమాలాలోని ఆంటిగ్వా పట్టణం వీధుల్లో రంగు రంపపు పొట్టుతో, పూలతో తివాచీల్లా ముగ్గులు వేస్తారు, వాటి మీదుగా ఊరేగింపు సాగుతుంది. చూడదగ్గదే. కానీ ఆ వారం గదులు నెలల ముందే నిండిపోతాయి, ధరలు మండిపోతాయి. మీరు వెళ్లేది మాయా చరిత్ర కోసం. జనవరి రెండో సగంలో వెళ్లండి. క్రిస్మస్ రద్దీ తగ్గి ఉంటుంది, వానలు మే నుంచి అక్టోబరు దాకానే ఎక్కువ కాబట్టి ఆ భయమూ లేదు. ఆంటిగ్వా, అతిత్లాన్ సరస్సు రెండూ సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున ఉంటాయి, రాత్రుళ్లు చలి గట్టిగానే ఉంటుంది. టికాల్ అడవిలో మాత్రం ఉక్కపోత.

టికాల్ దగ్గర పిసినారితనం వద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. పార్కు లోపలే ఉన్న హోటళ్లలో ఒక రాత్రి ఉండండి, ఫ్లోరెస్‌లో కంటే ఎక్కువ తీసుకున్నా సరే. ప్రవేశ రుసుము విదేశీయులకు 150 కెట్సాల్‌లు (అక్కడి కరెన్సీ), అంటే 20 డాలర్లకు కాస్త అటూఇటూ. పర్యాటక సంస్థ ఇంగువాట్ లైసెన్సున్న గైడ్‌ను మీ ఇద్దరికే పెట్టుకోండి. ఇక్కడి 29వ శిలాఫలకం మీద ఉన్న తేదీ మన లెక్కలో క్రీ.శ. 292. 695లో శత్రునగరం కలక్‌మూల్ మీద గెలిచిన టికాల్ రాజు హసావ్ చాన్ కవీల్ సమాధి ఒకటో ఆలయం కింద బయటపడింది. ఈ నగరంలో తేదీ వేసిన చివరి శిల 869 నాటిది. మీ ఊళ్లో వేయిస్తంభాల గుడి 1163లో కట్టేనాటికి టికాల్‌ను అడవి కమ్మేసి ఉంది. మీలాంటి వారికి ఇవన్నీ నిలబడి వినే తీరిక ఉండాలి. ఆ తీరికకే మీరు డబ్బు పెడుతున్నారు. నాలుగో ఆలయం దాదాపు 65 మీటర్ల ఎత్తు, చెక్కమెట్లుంటాయి. మోకాళ్లు సహకరించకపోతే కింద నుంచే చూడండి.

మాయా జనం అంతరించిపోయారన్న మాట మన పాఠాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 2018 జనగణనలో గ్వాటెమాలా జనంలో నూటికి 41 మందికి పైగా తాము మాయా అనే చెప్పుకున్నారు. అతిత్లాన్ ఒడ్డున సాన్ హువాన్ లా లగూనాలో నేత మహిళల సహకార సంఘాలున్నాయి, బట్టలు కొనేదుంటే అక్కడ కొనండి. నేసినవాళ్ల చేతికే డబ్బు అందుతుంది. చిచికాస్తెనాంగో ఊరి సంత గురు, ఆదివారాల్లోనే, రోజులు దానికి తగ్గట్టు చూసుకోండి. సరస్సు ఒడ్డునే ఉన్న పనాహచెల్ వీధుల్లో మన బజాజ్ ఆటోలే కనబడతాయి. మక్కరొట్టె, నల్ల చిక్కుడు గింజలు, అన్నం, అవకాడో ఎక్కడైనా దొరుకుతాయి, తిండికి టెన్షన్ లేదు.

డాలర్ ఫారెక్స్ కార్డు కొనకండి. కెట్సాల్‌ల్లో గీకితే మళ్లీ మార్పిడి రుసుము పడుతుంది. విదేశీ వాడకం మీద అదనపు రుసుము (మార్కప్) లేని డెబిట్ కార్డొకటి తీసుకుని, బ్యాంకు లోపలి ఏటీఎంలో డ్రా చేయండి. మెషీన్ రూపాయల్లోనా కెట్సాల్‌ల్లోనా అని అడిగితే కెట్సాల్‌లే నొక్కండి. పడవలకు, సంతల్లో నగదే ఇవ్వాలి. డాలర్ నోట్లు తీసుకెళ్తే చిరుగులేనివే ఉంచుకోండి.

తగ్గించకూడనిది ఇన్సూరెన్స్. అమెరికా కోసం తీసుకునే పాలసీలో గ్వాటెమాలా కూడా కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. మందులు వాడుతున్న జబ్బులుంటే దాచకుండా రాయండి, ముందు నుంచీ ఉన్న జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయమైతేనే ఇస్తాయి. ఎమర్జెన్సీ తరలింపు తప్పనిసరిగా ఉండాలి. టికాల్ నుంచి రాజధానికి రోడ్డున వెళ్తే రోజంతా పడుతుంది. దాదాపు 4,000 మీటర్ల ఎత్తున్న అకతెనాంగో అగ్నిపర్వతం ఎక్కే ట్రెక్ ఎవరైనా ఊరించినా ఒప్పుకోకండి. అంత ఎత్తుకు చాలా పాలసీలు వర్తించవు.

చివరగా వీసాలు, అసలు పెద్ద నష్టం జరిగేది ఇక్కడే. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే గ్వాటెమాలాకు సాధారణంగా విడిగా వీసా అడగరు. అయినా టికెట్ కొనేముందు ఢిల్లీలోని వాళ్ల రాయబార కార్యాలయంలో రూఢి చేసుకోండి. మీరు మళ్లీ అమెరికాలోకి రావాలి కాబట్టి మీ వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి, ఇండియా తిరుగు టికెట్ చేతిలో ఉండాలి. అమ్మాయి కూడా వస్తే, తను హెచ్1బీ మీద ఉంటే, పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు చూడమనండి. గడువు దాటినా మెక్సికో, కెనడా వెళ్లొచ్చేవాళ్లకుండే వెసులుబాటు గ్వాటెమాలాకు లేదు. బయట ఇరుక్కుపోతే తన ఉద్యోగానికే ముప్పు. స్టాంప్ లేకపోతే మీరిద్దరే వెళ్లిరండి, తనను ఇంటి దగ్గరే ఉండమనండి. ఇది తేలాకే రద్దు చేసుకునే వీలున్న టికెట్లు తీయించండి.